మరియం ఒంటెను నేను తోలిన వైనం

సిగ్గు అనేది ఒకసారి పడి దులుపుకుంటే పోయేదైతే ఎంత బాగుండేది! నాది అలాంటిది కాదు. నేను పనిచేసే ఈ అరబ్బు దేశంలో, ఇబ్రా అనే ఊళ్ళో, ఆ స్కూలు గేటు ముందు నుంచి మా కారు పోయిన ప్రతిసారీ నేను మళ్ళీ మొదటి నుంచి సిగ్గుపడతాను. చున్నీ ముక్కు దాకా లాక్కుంటాను. కారు నడిపే బాబా, అంటే మా ఇంటి యజమాని, అద్దంలో చూసి "ఎండా?" అని అడుగుతాడు. "ఎండే" అంటాను. మబ్బు పట్టిన రోజు కూడా అదే జవాబు. నలభై దాటిన ఒక ఆడమనిషి, రెండో తరగతి పిల్ల చేతిలోంచి హోంవర్కు లాక్కుని, పదిమంది ముందు పరువు తీసుకున్న కథ ఇది. నవ్వండి, నేనేమీ అనుకోను. నా మీద నేనే ఎన్నోసార్లు నవ్వుకున్నాను, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

నా పేరు రెడ్డెమ్మ. మాది రాయచోటి పక్క పల్లె. ఈ ఇంట్లో పనికి వచ్చి ఆరేళ్ళు. నా పేరు పూర్తిగా పలకడం వీళ్ళ వల్ల కాక, ఇంటిల్లిపాదీ "రెడ్డీ" అని పిలుస్తారు. మా ఊళ్ళో ఆ పిలుపు పిలిపించుకోవాలంటే ఎకరాలు ఉండాలి. ఇక్కడ చేతిలో చీపురుంటే చాలు. యజమానురాలు జోఖా మామా (ఇక్కడ అమ్మగారిని అలాగే పిలుస్తాం) ఆఫీసుకు పోతుంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మరియం. నేను వచ్చినప్పుడు పాకే పిల్ల, ఇప్పుడు రెండో తరగతి. నా చేతి ముద్ద తిని పెరిగింది.

ఈ ఏడు మరియం క్లాసుకు అమల్ అనే కొత్త టీచరమ్మ వచ్చింది. హోంవర్కు పుస్తకాలు పక్కన పెట్టించి, పిల్లలకు ట్యాబ్‌లో లెక్కలు పెట్టింది. ఒక్కో పిల్లకు ఒక్కో ఒంటె. లెక్క సరిగ్గా చేస్తే ఒక స్టార్ మెరుస్తుంది, దాన్ని నొక్కితే టింగుమని ఖాతాలో పడుతుంది, ఒంటె ఎడారిలో ఒక అడుగు ముందుకేస్తుంది. పది స్టార్లకు మెడలో గంట, ఇరవైకి వీపు మీద ఎర్ర దుప్పటి. తప్పు చేస్తే ఒంటె కూలబడి, దాహంతో నాలుక వేలాడేస్తుంది. ఎవరి ఒంటె ఎంత దూరం పోయిందో క్లాసులో అందరికీ కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పిల్ల బాగా చేస్తోందని కనిపెడితే, ఆ ట్యాబ్ ఇంకాస్త కష్టమైన లెక్క ఇస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

మొదటి రోజు తప్పు నాది కాదు. (రెండో రోజు నుంచి అంతా నాదే.) మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీస్తోంది. మరియం వంటింట్లో నా పక్కన కూర్చుని ఒక తీసివేత దగ్గర ఆగిపోయింది. ఒంటె కూలబడింది, పిల్ల కళ్ళల్లో నీళ్ళు. నాకు అరబీ చదవడం రాదు గానీ, లెక్కలకు భాష ఎందుకు? ఆ ట్యాబే ప్రశ్నను పైకి చదివి వినిపిస్తుంది కూడా. "పక్కింటి నుంచి ఒక పది అప్పు తెచ్చుకోవాల తల్లీ" అని చెప్పి, నా వేలితోనే జవాబునూ, మెరిసిన స్టార్‌నూ నొక్కాను.

టింగ్!

ఆ చప్పుడు ఎలా చెప్పను? నేను ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల్లో నేనే ఫస్టు. కానీ మా అయివారు ఫస్టు వచ్చినదానికీ ఆఖరున వచ్చినదానికీ తేడా లేకుండా ఒకే బెత్తం వాడేవాడు. తరవాత మా నాయన నన్ను బడి మాన్పించి గొర్రెల వెనక పంపాడు. అప్పటి నుంచి నేను ఏం చేసినా "ఊఁ" అన్నవాళ్ళే గానీ "శభాష్" అన్నవాళ్ళు లేరు. అలాంటి నాకు ఒక స్టార్ పడింది. ఒంటె నన్ను చూసి తల ఊపింది.

"ఇంకోటి చూద్దామా?" అన్నాను.

"చాలు, బొమ్మలతో ఆడుకుంటా" అంది మరియం.

"పో, ఆడుకో పో. నేను చూస్తాలే."

అలా మొదలైంది. వారం తిరిగేసరికి మరియం స్కూలు నుంచి రాగానే నేను బ్యాగులోంచి ముందు టిఫిన్ డబ్బా కాదు, ట్యాబ్ తీస్తున్నాను. ఒకరోజు పొయ్యి మీద మాంసం వేసి వండే మచ్బూస్ అన్నం అడుగంటి మాడింది. బాబా పళ్ళెంలోకి చూసి, "ఇవాళ రంగు మారిందే" అన్నాడు. "కొత్త మసాలా" అన్నాను. పాపం, తిన్నాడు. ఇంకోరోజు ఇస్త్రీపెట్టె కింద ఆయన తెల్ల డిష్డాషా, అదే ఆ పాదాల దాకా ఉండే చొక్కా, ఉందన్న సంగతి మరిచిపోయి భాగహారం చేశాను. శేషం సున్నా వచ్చింది. డిష్డాషాలో కూడా పెద్దగా ఏమీ మిగల్లేదు.

మధ్యలో మరియం రెండుసార్లు వచ్చి "రెడ్డీ, ఇవాళ నేను చేస్తా" అని అడిగింది. మొదటిసారి "ఇది కష్టమైంది తల్లీ, నీకు రాదు" అన్నాను. రెండోసారి తల కూడా ఎత్తలేదు, చేత్తో పొమ్మని సైగ చేశాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో మీకు తెలియదు.

క్లాసులో మరియం ఒంటె అందరికన్నా ముందుంది. దాని తోకను వాసన చూస్తూ వస్తున్న ఒంటె సాలిం అనే పిల్లవాడిది. నేను పది అడుగులు వేస్తే తెల్లారేసరికి వాడు పన్నెండు వేసేవాడు. వాడికి తిండీ ఆటా ఉండవా అని మండిపడేదాన్ని. వాళ్ళింట్లో పనిచేసే సత్యవతక్కది గోదావరి వైపు, రాజోలు దగ్గర. బుధవారం ఆడవాళ్ళ సంతలో మా మామాతో నేను, వాళ్ళ మామాతో ఆమె వచ్చేవాళ్ళం. యజమానురాళ్ళు గుడ్డలు బేరమాడుతుంటే మేమిద్దరం నిమ్మకాయల దగ్గర నిలబడి బేరం లేని మాటలు చెప్పుకునేవాళ్ళం.

"ఏం సత్యక్కా, మీ సాలిం బలే చదువుతాండాడంట గదా?"

"ఆయ్, వాడి బుర్రే వేరండి. ఇలా చూస్తాడు, అలా చేసేస్తాడు. మీ పాప కూడా మంచి హుషారంట కదండీ?"

"దానికేమిలే, పుట్టినప్పట్నించీ అంతే. నోట్లో ముద్ద పెట్టుకోనే ఎక్కాలు చెప్తాది."

"మావాడు నిద్దట్లో చెప్తాడండి."

"మాది జరమొచ్చినా చెప్తాది."

ఇద్దరం పళ్ళన్నీ కనబడేలా నవ్వుకున్నాం. ఆమె నా చేతిలోని మంచి నిమ్మకాయ లాక్కుంది. నేను ఆమె ఏరిపెట్టుకున్న కొత్తిమీర కట్ట నా సంచిలో వేసుకున్నాను.

ఇంతలో స్కూలు నుంచి కబురు. ఈ ట్యాబ్ చదువు చూడడానికి పైనుంచి ఇద్దరు ఆఫీసర్లు వస్తున్నారు, తల్లులు కూడా రావాలి, ముందున్న ఇద్దరు పిల్లలు అందరి ముందూ పెద్ద బోర్డు మీద లెక్క చేసి చూపించాలి. జోఖా మామా ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, తన అక్కచెల్లెళ్ళందరికీ ఫోన్లు చేసింది. నేను మాత్రం మరియంను వంటింట్లోకి లాక్కుపోయాను.

"మరియం, లెక్కలు వస్తాయా తల్లీ?" అని అడిగాను.

"రావు. నువ్వు చేస్తావు కదా" అంది పిల్ల, నిష్పూచీగా. "నువ్వూ రావాలి రెడ్డీ. నా వెనక నిలబడు."

పోనీ అప్పుడైనా మామాతో నిజం చెప్పొచ్చు కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను. నాలుగు రోజులు అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడంలో నన్ను కొట్టేవాళ్ళు లేరు.

ఆ రోజు రానే వచ్చింది. క్లాసు గోడకు తలుపంత బోర్డు, దాని మీద రెండు ఒంటెలు. ముందు వరసలో ఆఫీసర్లు, వెనక తల్లులు, కిటికీ పక్కన నేను. ఆ చివరి కిటికీ దగ్గర సత్యవతక్క. సాలిం తల్లి నర్సు, ఆమెకు డ్యూటీ ఉండి బదులుగా ఈమెను పంపింది. అమల్ టీచరమ్మ కొత్త పెళ్ళికూతురిలా వెలిగిపోతూ, "ఈ పిల్లలు నేనిచ్చిన చదువును దాటిపోయారు" అని చెప్పి, మరియంను, సాలింను పిలిచింది.

బోర్డు లెక్క ఇచ్చింది. ఒక్కో పెట్టెలో ఇరవై నాలుగు ఖర్జూరాలు, పదమూడు పెట్టెల్లో ఎన్ని?

చూశారా, అది మరియం లెక్క కాదు. నా లెక్క. ఇన్నాళ్ళూ నా తెలివి చూసి, నాకు సరిపడా పెంచుకుంటూ వచ్చిన లెక్క. రెండో తరగతి పిల్లలు దాన్ని చూసి, కొండను చూసినట్టు తలలు పైకెత్తి నిలబడ్డారు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఒట్టి మాట. నేను తీసిన గోతిలో మరియం పడింది.

పిల్ల వెనక్కి తిరిగి నాకోసం వెతికింది. నేనాగలేకపోయాను. మూడు వందల పన్నెండు. గుండెకు ఆనించి మూడు వేళ్ళు చూపించాను. తరవాత ఒకటి. తరవాత రెండు. పిల్లకు అర్థం కాలేదు. చెయ్యి ఇంకాస్త పైకెత్తి మళ్ళీ చూపించాను. మూడు, ఒకటి, రెండు. ఎందుకో అటు చూశాను. ఆ చివరి కిటికీ దగ్గర సత్యవతక్క చెయ్యి కూడా గాల్లో ఉంది. మూడు. ఒకటి. రెండు.

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ఇద్దరికీ ఒక్కసారే వెలిగింది. ఇన్నాళ్ళూ నేను పళ్ళు కొరుకుతూ పరుగుపందెం పెట్టుకున్నది ఏడేళ్ళ సాలింతో కాదు, యాభై ఏళ్ళ సత్యవతక్కతో. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. అక్కడ దొంగలిద్దరు, తేలు ఒక్కటే.

అమల్ టీచరమ్మ మా రెండు వేళ్ళు చూసి ఎంతో దయగా, "బాత్రూమ్ బయటకు వెళ్ళగానే ఎడమవైపు" అంది. క్లాసు గొల్లుమంది.

ఆ నవ్వులో సాలింకు ధైర్యం వచ్చినట్టుంది. "మా ఇంట్లో సత్య చేస్తుంది. నేను ఫుట్‌బాల్ ఆడుకుంటాను" అని గట్టిగా చెప్పేశాడు. ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఓరి నీ అసాధ్యం కూలా!" అని సత్యవతక్క అన్న మాట ఆ గదిలో నా ఒక్కదానికే అర్థమైంది.

టీచరమ్మ మొహంలో రంగు పోయింది. మరియం దగ్గర వంగి, "మరి నీవి ఎవరు చేస్తారు?" అని అడిగింది.

మరియం నా వైపు చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని దానికి తెలుసు. బోర్డు వైపే చూస్తూ, "నేనే చేస్తా. ఇవాళ మర్చిపోయా" అంది. పిల్లలు నవ్వుతున్నారు. అది నిలబడి, నా కోసం అబద్ధం ఆడుతోంది. అన్నం ముద్ద కింద పడేస్తే "నేను కాదు" అనడం కూడా చేతకాని పిల్ల.

నా కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి. అంతమంది ముందు నా అరబీ సగం ఎగిరిపోయింది. "మరియం లేదు. నేను. స్టార్లు కుల్లూ నేను" అన్నాను. కుల్లూ అంటే అన్నీ. తొమ్మిది వందల పైచిలుకు స్టార్లకు ఒక్క మాట సరిపోయింది.

టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, "మీరు ఎంతవరకు చదివారు?" అని అడిగింది.

"ఏడు."

"లెక్కలు చాలా బాగా చేస్తారు" అంది.

బడి మానినప్పటి నుంచీ ఎదురుచూసిన మెచ్చుకోలు! రాక రాక ఆ గడియలోనే రావాలా? భూమి నోరు తెరిస్తే అందులోకి దూరిపోదునని అనిపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను వంటింట్లో గెలిచి రచ్చలో పట్టుబడ్డాను.

కారులో ఇంటికి బయలుదేరాం. నేను మనసులో పెట్టె సర్దుకుంటున్నాను. గుమ్మం దగ్గర మామా ఆగి అంది. "రెడ్డీ, నువ్వు నా కూతురికి అన్నం తినిపిస్తున్నావని ధైర్యంగా ఆఫీసుకు పోతున్నాను. దాని పళ్ళెంలోది నువ్వే తినేస్తే ఎలా?"

ఆమె తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ మాట మాత్రం పిల్ల పళ్ళెం కడిగినప్పుడల్లా వినిపిస్తుంది. పనిలోంచి తీసెయ్యలేదు. ట్యాబ్ మాత్రం నా చేతికి అందనంత ఎత్తున బీరువా మీద పెట్టింది; మరియం చదువుకునే వేళకే బాబా దాన్ని దించి పిల్ల చేతికిస్తాడు.

టీచరమ్మ రెండు ఒంటెలనూ మళ్ళీ మొదటికి తెచ్చింది. గంట పోయింది, ఎర్ర దుప్పటి పోయింది. అందరికన్నా వెనక, ఎడారి మొదట్లో ఒట్టి ఒంటె. మరియం వంటింట్లో నా పక్కన కూర్చుని, ఖర్జూరం గింజలు వరసగా పేర్చి, తీసి, మళ్ళీ పేర్చి, ఒక తీసివేతతో మూడు రోజులు కుస్తీ పట్టింది. నేను రెండు చేతులూ పిండిలో పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. జవాబు నా నాలుక చివర ఉంది. నాలుక కొరుక్కున్నాను.

మూడో రోజు పిల్ల ఊపిరి బిగబట్టింది. "రెడ్డీ! వచ్చింది!"

తిరిగి చూశాను. తెర మీద స్టార్ మెరుస్తోంది. దాన్ని నొక్కితే గానీ టింగుమనదు. మరియం నొక్కలేదు. ట్యాబ్‌ను నా వైపు తిప్పి పట్టుకుంది.

"నువ్వు నొక్కు. నీకు ఆ చప్పుడు ఇష్టం కదా."

తొమ్మిది వందల స్టార్లు దాని దగ్గర కొట్టేసిన నాకు, తన మొదటి స్టార్ ఇవ్వబోతోంది. అంత సిగ్గు నేను ఆ క్లాసులో కూడా పడలేదు.

"చేతులకు పిండి ఉంది తల్లీ. నువ్వే నొక్కు" అన్నాను. నొక్కింది. టింగ్. ఉల్లిపాయలు కోయకుండానే నా కళ్ళు మండాయి.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇబ్రా ఎండ మీద ఒట్టు, నా అట్లకాడ మీద ఒట్టు, సత్యవతక్క లాక్కుపోయిన నిమ్మకాయ మీద ఒట్టు. ఎడారిలో ఒంటె కూలబడనీ, నాలుక గజం పొడుగు వేలాడేయనీ, ఇంకొకరి బిడ్డ ఒంటెను నేను ఈ జన్మలో అదిలించను. చేతుల మీద ఒట్టేశాను, నోటి మీద ఒట్టేశాను. వంటింట్లో టింగుమన్నప్పుడల్లా చెవులు మాత్రం నిక్కబొడుచుకుంటున్నాయి. వాటి మీద ఇంకా ఒట్టెయ్యలేదు.