మనోళ్లెవరన్న ఉన్నరా?

పత్రికలో ఇరవై ఏళ్లు పనిచేసి, హైటెక్ సిటీలో ఒక న్యూస్ యాప్‌లో చేరాను. ఆ కొత్తలో ఒకే ఉదయం రెండు దేశాల్లో బాంబులు పేలాయి. యూరప్‌లో ఒక రాజధాని మెట్రో స్టేషన్ వార్త నా పక్క సీటతనికి వెళ్లింది. ఆఫ్రికాలో ఒక చిన్న ఊరి సంత నాకు వచ్చింది. సంతలోనే ఎక్కువమంది చనిపోయారు.

నాకు అతన్ని చూసి కుళ్లు పుట్టింది. ఇంతకంటే మర్యాదైన మాట దొరకడం లేదు. అతనికి నిమిషనిమిషానికీ ఫొటోలు వస్తున్నాయి. చనిపోయిన ఒకావిడ వయొలిన్ నేర్పేదట. ఆమె పెంచిన కుక్క పేరు కూడా వచ్చింది. నాకు వచ్చినవి నాలుగు వాక్యాలు. మృతులు "పలువురు".

"మీ బాంబు ఇంకా రెండో పేరా దాటలేదాండీ?" అని అతను నవ్వాడు.

మధ్యాహ్నం మా అంతస్తులోనే టెస్టింగ్ పని చేసే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఆమెది ఆ సంత ఉన్న దేశమే. చదువుకు వచ్చి, కొండాపూర్‌లో కిరాయికి ఉంటూ, ఇంటి ఓనరమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంది. ఆమె అన్నకు ఆ సంతలో బట్టల దుకాణం. కాలు విరిగి దవాఖానలో ఉన్నాడు. తన వరసలో దుకాణాలు నడిపిన ఏడుగురు పోయారని ఫోన్‌లో పేర్లు చెప్పాడు. ఆమె చీటీ మీద రాసుకుని తెచ్చింది.

"అన్నా, ఈ పేర్లు జర వెయ్యి. ఆడ పేపర్ల గూడ రాలె. ఏడనో ఒకకాడ ఉండాలె గద."

"వేస్తనమ్మా, ఫికర్ చెయ్యకు."

రాసి పంపాను. ఇన్‌చార్జి తన అద్దాల గదిలోంచి తల బయటపెట్టాడు. "మనోళ్లెవరన్న ఉన్నరా అందుల?"

పత్రికలో నేనూ ఎన్నోసార్లు అడిగిన ప్రశ్నే. తెలుగువాళ్లు లేకపోతే వార్త ఎక్కడికి పోతుందో తెలుసు. పక్క తెర మీద కుక్క ఫొటో కనిపిస్తోంది.

"కొండాపూర్ల ఉండే అమ్మాయి ఉంది సార్. వాళ్లన్న బతికి బయటపడ్డడు."

"గిది ముందుగాల జెప్పాలె గదనయ్యా! ఆమె ఫొటో తియ్."

కిటికీ పక్కన నిలబెట్టి తీశాను. పేర్ల కోసమే అనుకుని ఆమె నిలబడింది. కాసేపటికి "సంతలో బాంబు.. కొండాపూర్‌లో చెల్లి కన్నీరు" అన్న శీర్షికతో నా వార్త అన్నిటికంటే పైకి ఎక్కింది. మెట్రో కిందికి జరిగింది. పక్క సీటతను తల తిప్పి నావైపు చూశాడు. పొద్దున్నుంచీ ఆ చూపు కోసమే కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

ఆమె ఫోన్ పట్టుకుని వచ్చింది. "నేనెప్పుడు ఏడ్చిన అన్నా?" అంది. వేలితో వార్తను చివరిదాకా జరిపింది. "పేర్లేవి?"

యాప్‌లో ఒక వార్తకు ఇన్ని వాక్యాలనే లెక్క ఉంటుంది. ఫొటో చేరితే కింది వాక్యాలు పోతాయి. పేర్లు కింద పెట్టింది నేనే.

ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తాను. "మస్తు చూస్తున్నరు. ఇగ దాన్ని ముట్టుకోకు," అన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఆమె పక్క తెర ముందు నిలబడి చదువుతోంది. "ఈ కుక్కకు పేరుంది," అంది. నా బల్ల మీది చీటీ తీసుకుని తన సీటుకు వెళ్లిపోయింది.

ఆ ఏడు పేర్లలో ఒక్కటీ ఇప్పుడు నాకు గుర్తులేదు. కుక్క పేరు గుర్తుంది.