పిన్ని వదిలించిన జిడ్డు

మా పిన్నిని ఫ్యాక్టరీలో అందరూ ‘అయస్కాంతమ్మ’ అంటారు. పనిలో చేరిన దగ్గర్నుంచీ ఆవిడది అయస్కాంతాల సెక్షనే. నల్లటి పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి బయటికి తీస్తే వచ్చేవి ఉత్త బిళ్ళలే, గుండుసూదిని కూడా లాగవు. పిన్ని వాటిని తీగచుట్ట మధ్యలో పెట్టి మీట నొక్కేది. ఒక్క క్షణం కరెంటు గట్టిగా పారగానే, అప్పటిదాకా తలో దిక్కూ చూస్తున్న లోపలి రేణువులన్నీ ఫొటోగ్రాఫర్ కేకేసినట్టు ఒకే వైపుకి తిరిగేవి. బిళ్ళ అయస్కాంతమైపోయేది.

“ఎన్ని బిళ్ళలు చేసినా ఒకటే మొహం!” అని విసుక్కునేది పిన్ని.

అందుకే స్పీకర్లలో పోసే అయస్కాంత ద్రవం తయారుచేసే బల్ల దగ్గరికి ఇన్‌చార్జి గారు పిలవగానే ఎగిరి గంతేసింది. ఆవిడ శుభ్రత చూసే పిలిచారాయన. ఆ శుభ్రత గురించి మా బాబాయి వేరేలా చెప్తాడు: “మీ పిన్ని సబ్బుని కూడా కడుగుతుందమ్మా.”

ద్రవం పని ఇలా సాగుతుంది. ఇనుప లవణాల నీళ్ళలో అమ్మోనియా పోస్తే కంటికి ఆననంత సన్నటి నల్ల రేణువులు పుడతాయి. వాటికి నూనెలాంటి ఆమ్లాన్ని పట్టించి, కడిగి, కిరసనాయిల్లో కలపాలి. కుదిరితే, సీసా కింద అయస్కాంతం పెట్టగానే ఆ నల్లటి ద్రవం ముళ్ళు ముళ్ళుగా లేచి నిలబడుతుంది.

పిన్ని చేసింది లేవలేదు. అడుగున బురదలా ముద్దకట్టింది. మళ్ళీ చేసింది. మళ్ళీ బురదే.

“రేపు స్పీకర్ల కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారమ్మా,” అన్నారు ఇన్‌చార్జి గారు నొచ్చుకుంటూ. “పొద్దున్న ఇంకోసారి చేయి. అదీ కుదరకపోతే పాత సెక్షన్‌కి వెళ్ళక తప్పదు.”

ఆ సాయంత్రం పిన్ని మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. వంటింట్లో బాబాయి నూడుల్స్ ఉడికించి, నీళ్ళు వార్చి, నూనె కలిపి పెట్టాడు. పిన్ని గిన్నెలోకి తొంగిచూసింది.

“ఏంటండీ ఈ జిడ్డు?” అంటూ గిన్నెను కుళాయి కిందికి లాగి, వేడినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగేసింది. పళ్ళాలు పెట్టేలోపు నూడుల్స్ అన్నీ కలిసి ఒక్క ముద్దయ్యాయి. బాబాయి ఫోర్కుతో ఎత్తితే గిన్నెలో ఉన్నదంతా లేచొచ్చింది.

“చూశావా? జిడ్డు వదిలిస్తే ఇవి ఒకదాన్నొకటి వదలవు!”

“మీరు మటుకు నన్ను వదులుతున్నారా? మిమ్మల్ని మించిన జిడ్డు ఎక్కడుంది?” అని నవ్వబోయిన పిన్ని చటుక్కున ఆగిపోయింది. “ఏమండీ, ఇందాక ఏమన్నారు?”

“ఏమన్నాను? ఇప్పుడు కత్తెర తెస్తావా, కత్తి తెస్తావా అందామనుకున్నాను.”

పిన్నికి ఇన్‌చార్జి గారి మాట గుర్తొచ్చింది. ‘పైన మిగిలిన జిడ్డు పోయేలా ఒకసారి కడుగమ్మా’ అన్నారాయన. ఆవిడ చెవికి ఎక్కింది ‘జిడ్డు పోయేలా’ అన్నంతవరకే. రేణువులకు పట్టి ఉండాల్సిన పొర కూడా పోయేదాకా కడిగేసింది. ఆ పొర ఉంటేనే అవి ఒకదానికొకటి ఎడంగా, అడుగుకు దిగకుండా తేలుతూ ఉంటాయి. లేకపోతే నూడుల్స్ గతే.

మర్నాడు ఒక్కసారి కడిగి, చేయి ఊరుకోకపోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. తరువాత కిరసనాయిల్లో కలిపి, సీసా కింద అయస్కాంతం పెట్టింది. ద్రవం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, నల్లటి ముళ్ళపందిలా లేచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు సీసాను చేతులు మార్చుకుంటూ, అయస్కాంతం తీస్తూ పెడుతూ చిన్నపిల్లలైపోయారు.

“ఇక ఈ బల్ల నీదేనమ్మా,” అన్నారు ఇన్‌చార్జి గారు. “ఇంతకీ కిటుకు ఎవరు చెప్పారు?”

“మా ఇంట్లో ఒక జిడ్డు ఉందండీ,” అంది పిన్ని, సీసాను మెత్తటి గుడ్డతో తుడుస్తూ.