ఇరవై అక్షరాల ఊరు

"వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా" అని ఎవరన్నా అంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆఫీసులో నా ముందు ఎవరూ ఆ మాట అనరు. ఆ కోపం ఎందుకో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. జనగామ దగ్గర ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది తొర్రూరు దాటాక వచ్చే ఒక లంబాడి తండా. కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. మా ప్రాజెక్టు సారు ప్రతి ఊరేగింపులో ముందు నడిచేవాడు. "మన యాసను ఎక్కిరిస్తరా? మన ఊర్లను లెక్కచెయ్యరా?" అని ఆయన మైకులో గర్జిస్తుంటే నేను గొంతు పోయేదాకా జై కొట్టేదాన్ని. ఆయనంటే నాకు అంత గౌరవం.

నాకు రక్తదాతల జాబితాను ప్రాజెక్టుగా ఇచ్చింది ఆయనే. విద్యార్థులు పల్లెల్లో శిబిరాలు పెట్టి రక్తం గ్రూపులు చూసేవారు. ఆ వివరాలు ఎక్కించి ఒక్కొక్కరికి కార్డు అచ్చువేసే ప్రోగ్రాం సీ భాషలో రాయాలి. పేరుకు ఒక గడి, ఊరికి ఒక గడి, దాని పక్కనే గ్రూపుకు ఒక గడి. ఊరికి ఇరవై ఇంగ్లిష్ అక్షరాలు చాలన్నాడు సారు. టైపు చేసింది తీసుకోవడానికి గెట్స్ అనే ఫంక్షన్ వాడాను. గడి ఎంతుందో దానికి పట్టదు, ఎంత కొడితే అంతా పోసేస్తుంది. నిండిపోతే పక్క గడిలోకి పొర్లిస్తుంది. కంపైల్ చేసిన, అంటే ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చిన ప్రతిసారీ తెర మీద ఒక వాక్యం వచ్చేది: ఈ ఫంక్షన్ ప్రమాదకరం, వాడకూడదు.

"సార్, గిది ప్రమాదమంటున్నది."

"ఎర్రరా?"

"కాదు సార్, వార్నింగ్."

"మరింకేంది? ప్రోగ్రాం నడుస్తున్నదా లేదా? వార్నింగులకు భయపడేటోళ్ళమైతే బందులు జేస్తమా మనం?"

ల్యాబ్ అంతా గొల్లున నవ్వింది. తెర శుభ్రంగా కనపడాలని, ఆ హెచ్చరికలు బయటికి రాకుండా చేసే చిన్న ఆదేశం ఒకటి నా చేతనే రాయించాడు. నేనూ నోరు మూసుకుని రాశాను.

మా తండాలో కూడా శిబిరం పెట్టారు. మా కాక, అంటే నాయిన తమ్ముడు, సూదంటే వణికే మనిషి. నా ముఖం చూసి చెయ్యి చాపాడు. శిబిరంలో వివరాలు రాసిన చీటీలన్నీ నేనే ఎక్కించాను. చీటీలో గ్రూపు పైన ఉంటుంది కనుక ముందు గ్రూపు కొట్టి, తర్వాత ఊరు కొట్టేదాన్ని. మా ఊరు ఒక్క మాటలో అయిపోదు. మాకు సొంత పంచాయతీ లేదు, అందుకని ఫలానా ఊరి శివారు, ఫలానా తండా అని రాసుకోవాలి. కార్డులు అచ్చయ్యాక సారు తిరగేసి చూశాడు.

"ఏంది, మీ తండా మొత్తం ఏ గ్రూపేనా? ఐకమత్యమంటే గిట్లుండాలె!"

నేను కూడా పళ్ళికిలించాను. ఛీ, నా తెలివి తగలెయ్య!

రెండు నెలలకు మానుకోట దవాఖానలో మా అక్కకు కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, అక్కకు నెత్తురు ఆగలేదు. వెంటనే ఏ పాజిటివ్ కావాలన్నారు. ఆ రోజు రాస్తారోకో. బావ భూపాలపల్లి బొగ్గుబావిలో పని, బస్సుల్లేక అక్కడే చిక్కుకున్నాడు. శిబిరంలో పరీక్ష చేయించుకోని నాదీ అమ్మదీ గ్రూపు కలవలేదు. కాకకు ఫోన్ చేశాను. కార్డు ఉంది కదా అన్న ధీమాతో ఇంకెవరినీ వెతకలేదు.

కాక దారిలో ప్రతి అడ్డు దగ్గరా కార్డు పైకెత్తి చూపించాడట. ఉద్యమకారులు రాళ్ళు జరిపి, జై కొట్టి పంపించారట. రెండు గంటలకు చెమటతో తడిసి ముద్దయి వచ్చాడు. ల్యాబ్ అతను పరీక్ష చేసి బయటికొచ్చాడు.

"గీయనది ఏ కాదమ్మా, బీ. గీ కార్డు ఎవలిచ్చిండ్రు?"

నేను రోడ్డు మీదికి ఉరికి, రాస్తారోకోలో కూర్చున్నవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. అయిదుగురు లేచి వచ్చారు. అందులో ఒకరిది కలిసింది. అక్క బతికింది. ఇంకో అరగంటయితే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది.

కాలేజీ తెరవగానే ల్యాబ్‌లో కూర్చుని మా తండా అడ్రస్ వేలుపెట్టి లెక్కపెట్టాను. ఖాళీలతో కలిపి ఇరవై ఒక్క అక్షరాలు. తండా అనే మాటలో చివరి ఇంగ్లిష్ ఏ అక్షరం పక్క గడిలో, మా కాక బీ మీద పడి కూర్చుంది. తండాలో అందరికీ అంతే. సారుకు చూపించాను.

"గంత పొడుగు అడ్రస్ ఎందుకు? జర పొట్టిగ రాసుకోవద్దా మీ తండావోళ్ళు?"

నా ఒళ్ళు భగ్గుమంది. "మన ఊర్లను లెక్కచెయ్యరని మైకుల ఒర్రిండ్రు గదా సార్! మీ లెక్కల మా తండా ఏడున్నది?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. గెట్స్ తీసేసి, గడి నిండగానే ఆగే ఫంక్షన్ పెట్టాను. గడి పెంచాను. హెచ్చరికలు మళ్ళీ తెర మీదికి తెచ్చాను. ఒక్కటి కూడా మిగలకుండా సరిచేసి, తండా కార్డులన్నీ మళ్ళీ అచ్చువేశాను.

కొత్త కార్డు పట్టుకుని ఇంటికి వెళితే అక్క పసిదాన్ని కాకకు అందిస్తోంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్ట బిడ్డా. కార్డుల ఏ ఉన్న నా నెత్తురు చెడిపోయి బీ అయింది. గందుకే కల్లు గూడ బంద్ చేసిన."

"కాకా, నీ నెత్తురు మంచిగనే ఉన్నది. కార్డు తప్పు. తప్పు రాసింది నేనే. ప్రమాదమని కంప్యూటర్ ముందే చెప్పింది, నేనే మూసిపెట్టిన."

"కంప్యూటర్ తప్పు చేస్తదా? నాకోసం నువ్వెందుకు మీదేసుకుంటవ్?" అన్నాడు.

ఎంత చెప్పినా నమ్మలేదు.