అన్నయ్య కొలతకు కట్టిన స్టాండు

పాత జీపు ఇంజిన్‌ని ఇంట్లోనే విప్పి బాగుచేయాలని మా అన్నయ్య పెదకాకాని వెల్డర్‌కి ఇంజిన్ స్టాండు పురమాయించాడు. పోయిన నెల గుండెపోటుతో తనే వెళ్లిపోయాడు. ఈ రోజు మిర్చి యార్డు నుంచి వస్తుంటే వెల్డర్ నన్ను ఆపి దాన్ని చూపించాడు. దళసరి ఇనుప గొట్టాలతో కట్టాడు, ఎంత ఊపినా వణకలేదు. పక్కన నిలబడితే నా ఛాతీ దాకా వచ్చింది.

“అన్నగారి నడుం ఎత్తు కొలిచి కట్టానండి. వంగితే వెన్ను లాగేస్తందన్నారు. మీకైతే జానెడు కోసేస్తాను,” అన్నాడు.

ఇంట్లో పొడుగంతా అన్నయ్యకే వచ్చిందని చిన్నప్పటి నుంచీ కుళ్లుకున్నవాణ్ణి. అయినా కోయొద్దన్నాను. పీటేసుకుని నిలబడతాను.

మీరైతే కోయించేవాళ్లా, చెప్పండి. నాకసలు ఇంజిన్ విప్పడమే రాదు. అన్నయ్య విప్పుతుంటే టార్చిలైటు పట్టుకోవడం ఒక్కటే వచ్చు.