ఉప్పునీళ్లలో తేలిన గింజలు

నేను రిటైర్ కావడానికి సరిగ్గా మూడేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం, మా స్టేషన్ హెడ్ గారు నన్ను పిలిచి ఒక ఆర్డరు చేతికిచ్చారు. వరంగల్ శివార్లలోని ఆ వరి పరిశోధన కేంద్రంలో నేను అప్పటికి సీనియర్ ఫీల్డ్ అసిస్టెంటును. శాస్త్రవేత్తలు కాగితం మీద గీసే మడులను నేల మీద గీయడం మా పని. విత్తనం నానబోయడం మొదలు గింజ తూకం దాకా చేసి, ప్రతిదీ ఫీల్డ్ బుక్కులో పెన్సిలుతో రాయాలి. పెన్నుతో రాస్తే వాన తుడిచేస్తుంది. ఆ ఆర్డరు ప్రకారం నేను రఘు సార్ ప్రయోగానికి బాధ్యురాలిని. కొన్ని మడుల వరిని పద్ధతి ప్రకారం ఎండగట్టాలి.

జీతం తీసుకుని పంటను ఎండగట్టడం దేవుడు నా చివరి ఉద్యోగంగా ఎందుకు రాశాడో తెలియదు. వాన పడకుండా మడుల మీద ప్లాస్టిక్ కప్పు వేశాం. చేను పొట్ట మీద, అంటే కంకి ఇంకా బయటికి రాకముందు, నీళ్లు ఆపేశాం. ఒకరోజు నర్సంపేట నుంచి రైతులు చూడటానికి వస్తే, అందులో ఒక పెద్దాయన కప్పు వైపు చూసి, ‘‘గిదేంది సారూ, పైన కప్పేసి మరీ ఎండవెడ్తాన్రు? మా కాడ ఏ కప్పు లేకుండనే మంచిగ ఎండుతాంది. జర మమ్మల్నడిగినా అయిపోవు గదా’’ అన్నాడు.

అందరూ నవ్వారు. రఘు సార్ కూడా నవ్వారు కానీ, ఆయనకు జవాబు చెప్పకుండా ఉండటం రాదు. కాశిబుగ్గలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. మా కేంద్రంలో ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగించుకునే రీసెర్చ్ అసోసియేట్. ‘‘మా నాయిన మగ్గం మీద పడుగు ఒక్కటే తాతా. ఏ పోగు లేవాలె, ఏది పండుకోవాలె అన్నదాన్ని బట్టి పువ్వు మారుతది. పోగులైతే మారయ్. వరిల గూడ గంతే. కరువు జూసిన తల్లిమొక్క తన పిల్లలకు ఏ పోగు లేపాల్నో చెప్పి పంపుతదా అని చూస్తానం’’ అన్నారు.

ఆ శాస్త్రం పేరు ఎపిజెనెటిక్స్. నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కష్టం వస్తే మొక్క తన జన్యువుల అక్షరాలు మార్చుకోదు. వాటి మీద సన్నని రసాయన గుర్తులు పెట్టుకుంటుంది, ఇది పని చేయాలి, ఇది ఊరుకోవాలి అని. రెండు జాతులు సంకరమై కొత్త జన్యువులు ఒంట్లోకి వచ్చి పడ్డప్పుడు కూడా మొక్క ఇలాంటి గుర్తులతోనే సర్దుకుంటుందట. నాకిది కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు జబ్బు చేసి నేను బడికి పోలేదు. మా నాన్న కాజీపేటలో రైల్వే గ్యాంగ్‌మన్. అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి నాకు చదువు నేర్పింది. ఆమె పెన్సిలుతో గీత గీసిన వాక్యాలే నేను మొదట చదివేదాన్ని. వాక్యం మారలేదు, గీతను బట్టి నా చదువు సాగింది. అలా ప్రైవేటుగా పది పాసయ్యాను. అందుకు అమ్మకూ ప్రభువుకూ రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను.

ప్రయోగం రెండు ఖరీఫ్‌లది. మొదటి ఏడు ఒకే రకం వరిని సగం మడుల్లో నీళ్లు పెట్టి, సగం మడుల్లో ఎండగట్టి పండించాలి. రెండో ఏడు ఆ రెండు రకాల మడుల గింజల్నీ విత్తి, ఆ పిల్లలన్నిటినీ ఎండగట్టి, ఎండ చూసిన తల్లి పిల్లలు ఎక్కువ ఓర్చుకుంటాయేమో చూడాలి. ఓర్చుకుంటే ఆ గుర్తులు విత్తనంతో పాటు పోయినట్టు. ఆకుల్ని ఐసు పెట్టెలో హైదరాబాదు పంపి గుర్తులు చూడటం ఆ తర్వాతి మాట.

మొదటి కోత అయ్యాక విత్తనం శుభ్రం చేశాను. అన్నేళ్లుగా చేసినట్టే చేశాను. బకెట్లో ఉప్పు కలిపి, కోడిగుడ్డు వేసి, అది పైకి తేలేదాకా ఉప్పు పెంచి, గింజలు పోశాను. మునిగినవి విత్తనం, తేలినవి తాలు. మునిగినవి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాను. నీళ్లు తాగిన మడుల గింజలు చాలావరకు మునిగాయి. ఎండిన మడుల గింజలు మాత్రం తెట్టెలు తెట్టెలుగా తేలాయి. వాటినీ ఆరబెట్టి, వేరే సంచుల్లో పోసి, చీటీలు కట్టి గోదాములో పెట్టాను. అన్నం ముందు స్తోత్రం చెప్పే నోటితో గింజను పారబోయమని నేను ఎన్నడూ అనలేదు. మా కూలి మనిషి కొమురమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. ‘‘తాలుకు గూడ చీటీ కడ్తానవా రూతక్కా? రేపు పేరు గూడ పెడ్తవా ఏంది? కోళ్లకెయ్యరాదు!’’

ఈ ఉప్పునీళ్ల సంగతి ఫీల్డ్ బుక్కులో రాయలేదు. ఎవరూ రాయరు.

రెండో ఖరీఫ్‌లో ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపించింది. నీళ్లు తాగిన తల్లుల పిల్లలు ఆకులు ముడుచుకుని కూలబడ్డాయి. ఎండ చూసిన తల్లుల పిల్లలు నిలబడ్డాయి. హెడ్ గారు మురిసిపోయి ఫ్లెక్సీ కొట్టించారు. ‘కరువును మరువని వరి’ అని పెద్ద అక్షరాలు, కింద నిలువెత్తు ఆయన ఫొటో, ఓ మూలకు వరి కంకి. రఘు సార్ కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. ఫిబ్రవరిలో వచ్చే కమిటీ ఈ ఫలితం చూసి పొడిగిస్తుందని అందరం అనుకున్నాం. ఆయనకు పెళ్లి కూడా కుదిరింది, ఉద్యోగం ఉంటుందన్న మాట మీద.

జనవరిలో కాలేజీ పిల్లలు వచ్చారు. రఘు సార్ వాళ్లకు చెబుతున్నారు. ‘‘ఇందులో కీలకం ఏమిటంటే, మేం ఒక్క గింజ కూడా ఏరలేదు. బలమైన గింజల్ని ఏరితే, అది తల్లి జ్ఞాపకమా, గింజ బలమా అన్నది తేలదు.’’ నేను పిల్లలకు టీ గ్లాసులు అందిస్తున్నాను. గ్లాసు పడిపోలేదు గానీ, ఉప్పునీళ్ల బకెట్టు కళ్ల ముందుకొచ్చింది.

మూడు రోజులు ప్రార్థన చేశాను. జవాబు రాలేదు. ప్రశ్నే రోజూ వేళకు వచ్చేది. నాలుగో రోజు పొద్దున ల్యాబుకు వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

‘‘సార్, గింజలు ఏరలేదని చెప్పిన్రు గదా. నేను ఏరిన.’’

‘‘ఎట్ల అక్కా?’’

‘‘ఉప్పునీళ్లల్ల ఏసిన. తేలినయ్ తీసేసిన.’’

ఆయన ఫీల్డ్ బుక్కు తెరిచారు. ‘‘మరి బుక్కుల ఎందుకు రాయలే?’’

‘‘చేతులు కడుక్కున్నమని రాస్తమా సార్?’’

కోప్పడతారనుకున్నాను. తల పట్టుకుని కూర్చున్నారు. తల ఎత్తి, ‘‘తేలినయ్ ఏం జేసినవ్? కోళ్లకేసినవా?’’ అన్నారు. సంచులు ఉన్నాయని, చీటీలతో సహా ఉన్నాయని చెప్పాను. లేచి గోదాముకు దాదాపు పరుగెత్తారు.

హెడ్ గారు విని, ‘‘రిటైరయ్యాక చెప్పినా సరిపోయేది కదమ్మా’’ అన్నారు. నా అంతరాత్మను ఆయన పదహారు నెలలు వాయిదా వేయమన్నారన్నమాట.

కమిటీ ముందు రఘు సారే అంతా చెప్పారు. తప్పు నాదని మాత్రం చెప్పలేదు, ‘మాది’ అన్నారు. తర్వాత తెలిసిన సంగతి ఇది. ఫలితం సరైనదై ఉంటే ‘లక్ష్యం నెరవేరింది’ అని రాసి ప్రాజెక్టు మూసేయడానికి కమిటీ సిద్ధంగా వచ్చిందట. ప్రాజెక్టుతో పాటే ఆయన ఉద్యోగమూ పోయేది. తప్పు జరిగింది కాబట్టి, దిద్దడానికి ఇంకో సీజన్ ఇచ్చారు. ఆయన పొడిగింపు, నన్ను సంజాయిషీ అడిగే మెమో ఒకే రోజు, ఒకే టపాలో వచ్చాయి. నేను రెంటికీ స్తోత్రం చెప్పాను.

మూడో ఖరీఫ్‌లో తేలినవీ, రెండో ఏడు విత్తగా మిగిలిన మునిగినవీ మొదట ఎంతెంత ఉన్నాయో అంతంత మళ్లీ కలిపి పోశాం. అంతకుముందు గోదాములో తేమ పట్టిన ఆ సంచుల్ని ఎండబెట్టాలంటే పట్టా దొరకలేదు. కొమురమ్మ ఫ్లెక్సీని తిరగేసి పరిచింది. ‘‘సారు బొమ్మ కిందికున్నది తియ్యక్కా, గింజలకు దిష్టి తగలదు’’ అంది. తాలులో చాలా గింజలు మొలవనే లేదు. మొలిచిన బక్కవి మాత్రం, నీళ్లు తాగిన తల్లుల పిల్లల కంటే ఎక్కువ రోజులే ఎండకు ఆగాయి. తేడా ఉంది గానీ, ఫ్లెక్సీ వేసేంత లేదు. పక్క మడిలో ఎండ చూసిన తల్లుల విత్తనాన్నే సుఖంగా నీళ్లు పెట్టి పెంచి, వాటి గింజల్ని తర్వాత కుండీల్లో మొలిపించి ఎండగట్టి చూస్తే, ఒక్క తరం సుఖానికే జ్ఞాపకం చాలావరకు చెరిగిపోయింది. నేను రిటైరయ్యాక వచ్చిన వ్యాసంలో ఇదంతా ఉంది. చివర చిన్న అక్షరాల్లో, విత్తనాన్ని జాగ్రత్తగా భద్రపరచినందుకు నాకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. మెమో కూడా నా సర్వీసు ఫైలులో అలాగే ఉంది. రెండూ ఒకే సంచుల గురించి.

నేను నేర్చుకున్నది ఒక్కటే. కొత్తగా చేసిన పనిని ఎవరైనా రాస్తారు. చెయ్యి తనంతట తాను చేసే పనే పుస్తకంలోకి రాదు, ప్రయోగాన్ని పాడు చేసేది కూడా అదే. మూడో ఖరీఫ్ ఫీల్డ్ బుక్కు మొదటి పేజీలో, తేదీ కింద, పెన్సిలుతో నేను రాసిన మొదటి వాక్యం ఇది: ‘విత్తనం ఉప్పునీళ్లలో వేయలేదు.’