ఖోర్ ఫక్కాన్‌కు పంపింది నేనే

మా స్టోర్ చాచా పోయారని మొన్న ఫోనొచ్చింది. షార్జాలో ఆయనతో ఒకే గదిలో ఉండిన పెద్దమనిషి రాయచోటి నుంచి చేశాడు. మధ్యాహ్నం నమాజుకు లేచి నిలబడబోయి అలాగే ఒరిగిపోయారట. "నీకు చెప్పమని ఎవురూ అనలేదు. నాకే చెప్పాలనిపించె" అన్నాడు.

ఇండస్ట్రియల్ ఏరియాలో పంపుల విడిభాగాలు అమ్మే చిన్న కంపెనీ మాది. ఆయన అక్కడ ఇరవై ఏళ్లుగా స్టోర్ కీపర్. నేను నెల్లూరు నుంచి వచ్చిన కంప్యూటర్ వాణ్ణి. ఆయన అరల్లో ప్రతి డబ్బాకూ ఒక అట్టముక్క వేలాడేది. సరుకు వచ్చినా పోయినా దాని మీద పెన్సిల్‌తో రాసేవారు. పెన్నుతో ఎందుకు రాయరని అడిగితే, "తప్పు చేస్తే తుడుపుకోనీకి చోటుండాలప్పా" అనేవారు.

నేను చేరిన వారంలో మెస్సు కూడు సయించక పస్తులుంటున్నానని కనిపెట్టి, ఎవరో నా బల్ల మీద గోంగూర పచ్చడి సీసా పెట్టి వెళ్లారు. సీసాకు కట్టిన అట్టముక్క మీది పెన్సిల్ రాత చూసి ఎవరో పోల్చుకున్నాను.

ఆ మరుసటి సంవత్సరం ఆర్డర్లు, సరుకు, బిల్లులు అన్నీ ఒకే సిస్టంలోకి తేవాలని మా ముదీర్, అంటే మేనేజర్, నిర్ణయించారు. సర్వర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేయాలో నన్ను చెప్పమన్నారు. విండోస్ సర్వర్ అయితే కొనాలి, కానీ చెడితే వచ్చి చూసేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. లినక్స్ ఉచితం, కానీ మా చుట్టుపక్కల అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఖర్చు తగ్గుతుందని చెప్పి లినక్సే కావాలన్నాను. అసలు కారణం వేరు. ఆ అనుభవం ఉంటే రేపు పెద్ద కంపెనీలో ఉద్యోగం వస్తుంది. అందాకా ఇక్కడ నేను లేనిదే పని నడవదు.

మీటింగులో చాచా ఒక్కరే అడిగారు.

"నువ్వు ఊరికి పోయినప్పుడు ఇది పడుకుంటే ఎవురు లేపుతారప్పా?"

"చాచా, మీరు అరలు చూసుకోండి. సర్వర్ నేను చూసుకుంటా" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ అట్టముక్కలు ఇక పారేయమని కూడా అందరి ముందే చెప్పాను.

సర్వర్‌ను స్టోర్ పక్కన ఏసీ గదిలో పెట్టాం. తాళం చాచా దగ్గరుండేది. రోజూ డేటా మొత్తానికి ఒక కాపీ దానంతటదే తీసుకునేలా ఏర్పాటు చేశాను గానీ, పాత కాపీలు చెరిపే ఏర్పాటు చేయలేదు. డిస్క్ నిండిపోతోందని తెలుసు. వచ్చాక చూద్దాంలే అని తమ్ముడి పెళ్లికి ఊరికి వెళ్లాను.

వెళ్లిన నాలుగో రోజే డిస్క్ నిండి సిస్టం ఆగిపోయింది. పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. మా పల్లెలో ఫోన్ అందలేదు. చాచా మాత్రం అట్టముక్కలు పారేయలేదు. నాకు కనపడకుండా రాస్తూనే ఉన్నారు. నేను తిరిగొచ్చే దాకా కంపెనీ వాటి మీదే నడిచింది.

వచ్చీ రాగానే తలుపు వేసుకుని పాత కాపీలు చెరిపాను. పది నిమిషాల పని. బయటికి రాగానే "క్యా హువా థా?" అని, ఏమైందో అడిగారు ముదీర్.

"ఎవరో స్విచ్ ఆపేసినట్టున్నారు సార్. అందుకే ఫైళ్లు చెడ్డాయి" అన్నాను.

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, తాళం ఎవరి దగ్గరుంటుందో అందరికీ తెలుసు. ముదీర్ చాచా వైపు తిరిగారు. చాచా నా ముఖం చూశారు. అందులో ఏం కనిపించిందో ఏమో, "హో సక్తా హై, సాబ్" అన్నారు. అయ్యుండొచ్చు అని.

నెల తిరక్కుండా ఆయన్ను ఖోర్ ఫక్కాన్ రేవు దగ్గరున్న చిన్న గోడౌన్‌కు మార్చారు. ఇరవై ఏళ్లు కలిసి వండుకు తిన్న మనుషులంతా షార్జాలోనే ఉండిపోయారు.

ఒకే ఒక్కసారి కంపెనీ పికప్ బండిలో అక్కడికి వెళ్లాను. ఆయన గోడ పట్టుకుని లేచి, చేపలు వేయించి అన్నం పెట్టారు. నేను అన్నం కెలుకుతూ "చాచా, ఆ రోజు..." అన్నాను.

"నేను కాదని చెప్పింటే నిన్ను ఊరికి విమానం ఎక్కించేవాళ్లప్పా. తిను, చేప చల్లారతాది. ఈడ గాలికి నా మోకాళ్లు బాగుండాయిలే."

తిన్నాను. క్షమించమని మాత్రం అడగలేదు. వీసా ముగిసి ఆయన ఊరికి వెళ్లే వరకూ ముదీర్‌కు నిజం చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. ఇప్పుడు మీతో చెబుతున్నాను. ఆయనకు ఇక దీనితో పనిలేదని తెలుసు.

ఖోర్ ఫక్కాన్ వెళ్లిన ఆ రోజు, అన్నం తిన్నాక, తిరుగు ప్రయాణానికి పికప్ ఎక్కి కూర్చున్నాను. సముద్రపు ఉప్పుగాలికి నా వైపు అద్దం మసకబారి ఉంది. డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నా వినకుండా చాచా కుంటుకుంటూ వచ్చి, భుజం మీది తువ్వాలుతో అద్దాన్ని తుడిచారు. కొండల వైపు చెయ్యి చూపి, దారిలో చూసుకుంటూ పొమ్మని సైగ చేశారు. తేటపడిన అద్దానికి అవతల ఆయన ముఖం చాలా దగ్గరగా కనిపించింది. నేను తల వంచి, సీటు బెల్టు వెతుక్కుంటున్నట్టు నటించాను.