అంగడి రోజు మాత్ర

మందుల షాపు అతను అమ్మకు డాక్టరు రాసిన చీటీ చూసి నవ్విన నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"కీళ్లకు జలుబు పట్టిందా ఏందక్కా? ఇది తుమ్ములకు ఏసే గోలి!" అన్నాడు, పక్కనున్న వాళ్లందరికీ వినబడేలా.

అమ్మకు కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకుపోయి చెంబు కూడా పట్టలేదు. గడ్చిరోలి డాక్టరు వారానికొకసారి వేసుకునే మాత్ర రాసి, దానికి తోడుగా రోజూ ఒక ఎలర్జీ మాత్ర రాశాడు. ఒంట్లో వాపును రగిలించే పదార్థాల్లో కొన్నింటిని ఇది అణచవచ్చట. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను, వాడి చూద్దాం, అసలు మందు మాత్రం వారం మాత్రే అన్నాడు. అమ్మకు ఆదివారం, సోమవారం లెక్క తెలియదు; తెలిసిందల్లా వారానికోసారి ఊళ్లో కూడే అంగడి, అంటే సంత. అందుకని వారం మాత్ర గురించి అమ్మకు నేనే చెప్పాను.

"అంగడినాడు ఏసుకో అవ్వా. యాదుంటది."

ఎండాకాలం పోయేసరికి వేళ్లు తెరుచుకున్నాయి. ఈసారి వరి నాట్లకు పోతానని అమ్మకు ఒకటే సంబరం. ఇంట్లో కూర్చుని తినడమంటే ఆమెకు చచ్చేంత నామోషీ.

ఇంతలో వానలు ముసురుపెట్టాయి. నేనుండేది సిరొంచలో, అమ్మ బామ్నిలో; మధ్యలో దారి తెగిపోయింది. దారులు తెరుచుకున్నాక వెళ్లి చూద్దును కదా, వేళ్లు మళ్లీ వాచి ఎర్రగా ఉన్నాయి. నా కోపం నషాళానికంటింది. జలుబు గోలీలిచ్చి మా అమ్మ చేతులు పాడుచేస్తాడా! షాపు అతను నవ్వితే నవ్వాడు గానీ నిజమే చెప్పాడనుకున్నాను. అమ్మను బస్సెక్కించి, ఆ గుంతల రోడ్డు పొడవునా డాక్టరును తిట్టుకుంటూ పోయాను.

ఆయన నా అరుపులన్నీ విని, మందుల సంచీ బల్ల మీద బోర్లించాడు. ఎలర్జీ మాత్రలు అయిపోవచ్చాయి. వారం మాత్రల పట్టీలో మాత్రం ఎన్నో మిగిలే ఉన్నాయి.

నేను అమ్మ మీదికి తిరిగాను. "ఎందుకు ఏసుకోలే? నీకు బుద్ధున్నదా?"

"ఏందే గట్ల ఒర్లుతవు? వాగులు పొంగి ఇన్ని వారాలు అంగడే కూడలే. అంగడి లేంది ఎట్ల ఏసుకుంట? నువ్వే జెప్తివి గద బిడ్డా."

బల్ల మీది మాత్రలన్నీ ఏరి సంచీలో వేసుకున్నాను.

తిరుగు బస్సులో దారి పొడవునా నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్లు వరసగా వంగి ఉన్నారు. అమ్మ కిటికీలోంచి వాళ్లనే చూస్తూ, వాచిన చేతులు కొంగు కింద పెట్టుకుంది.  నన్ను తిట్టినా బాగుండేది.